పెళ్లిళ్లకు వెళ్లడం ఎందుకు మానేశారు?

మేనకోడలి పెళ్లికి రమ్మంటే మోకాళ్ల నొప్పులన్నారు. తిరుపతి వెళ్దామంటే "ఈ ఎండల్లో నేనెందుకులే, మీరు వెళ్లి రండి" అన్నారు. రైలైతే సరే, బస్సైతే రానన్నారు. ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే బాత్రూమ్ ఎటువైపుందో చూసుకుంటున్నారు. లేత రంగు చీరలు బీరువాలోంచి బయటికి తీయడం లేదు. గడప దాటాల్సిన రోజున పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టడం లేదు. అసలు కారణం మీకు తెలుసు. ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా?

దగ్గినా తుమ్మినా నాలుగు చుక్కలు పడటం, తలుపు గడియ తీసేలోపే అయిపోవడం, రాత్రి ఐదుసార్లు లేవడం, గ్యాసే అనుకుంటే బట్టలు పాడవడం... ఇలాంటి ఇబ్బందుల్లో ఏదో ఒకటి మీకో, మీ అమ్మకో, మీ ఆయనకో ఉంటే ఈ అధ్యాయం మీ కోసమే. మందుల సంగతి డాక్టరు చూసుకుంటారు. ఆ డాక్టరు దాకా ఎలా వెళ్లాలి, ఏం చెప్పాలి, ఏం పట్టుకెళ్లాలి, ఇంట్లో ఏం మొదలుపెట్టాలి, ఎవరి సాయం అడగాలి అన్నవి మనం మాట్లాడుకుందాం. ఈ ఇబ్బందుల్లో చాలావాటికి వైద్యం ఉంది. పూర్తిగా తగ్గనివాటిని కూడా బాగా అదుపులో పెట్టొచ్చు. కానీ చాలామంది మొదటి మాట నోరు దాటక అక్కడే ఆగిపోతున్నారు. అందుకే ఆ మాటతోనే మొదలుపెడదాం.

1. ముందు ఒక్కరికి చెప్పండి

అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ భర్తో భార్యో కావాలని కూడా లేదు. చెల్లెలు కావచ్చు, కూతురు కావచ్చు, చిన్ననాటి స్నేహితురాలు కావచ్చు.

ఒక ఇంట్లో అత్తగారు రోజూ తెల్లవారకముందే లేచి తన చీర, లంగా తనే ఉతికి ఆరేసేది. వాషింగ్ మెషీన్ ఉండగా ఎందుకత్తయ్యా అని కోడలు అడిగితే "నా మడి నాది" అనేది. కోడలు నిజంగానే మడి అనుకుంది. ఏళ్లు గడిచాయి. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అడిగే దారి లేక ఒకరు, చెప్పే దారి లేక ఒకరు ఉండిపోయారంతే. ఇలాంటి ఇల్లు మీకు తెలియదూ?

మాటలు వెతుక్కోకండి. ఇవి వాడుకోండి: "అమ్మాయ్, నాకు ఒంటేలు ఆగట్లేదు. డాక్టరుకి చూపించుకోవాలి. నువ్వు తోడు రా." ఇంతే. ఎప్పటి నుంచి, ఎందుకు అన్నవి తర్వాత వస్తాయి. మగవాళ్లకిది మరీ కష్టం. ఇంట్లో చెప్పలేకపోతే రోజూ వాకింగ్‌కి వచ్చే స్నేహితుడికి చెప్పండి. అరవై దాటిన నలుగురు మగవాళ్లు కూర్చున్న బెంచీ మీద ప్రొస్టేట్ ఇబ్బంది మీ ఒక్కరిదే అయ్యే అవకాశం చాలా తక్కువ.

మీకు ఎవరైనా ఈ మాట చెబితే దయచేసి "ఈ వయసులో మామూలేగా" అనకండి. ధైర్యం చెబుతున్నామనే అనుకుంటాం. వినేవాళ్లకు మాత్రం తలుపు మూసినట్టు ఉంటుంది. "ఎన్నాళ్ల నుంచి?" అని అడగండి, ఏ రోజు ఆస్పత్రికి వెళ్దామో చెప్పండి.

2. మూడు రోజులు నోటుబుక్కులో రాయండి

ఈ అధ్యాయంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని బాత్రూమ్‌లో పెట్టండి. దాన్ని ఇంక దేనికీ వాడకండి. మూడు రోజుల పాటు ఎప్పుడు ఏం తాగారో, ఎప్పుడు ఎంత పోశారో, ఎప్పుడు ఆగలేదో, అప్పుడేం చేస్తున్నారో రాయండి. వరసగా మూడు రోజులు కుదరకపోయినా ఫర్వాలేదు. ఒక పేజీ ఇలా ఉంటుంది:

ఉదయం 6:10 – 350 మి.లీ.
7:00 – కాఫీ, పెద్ద గ్లాసు
7:40 – 100 మి.లీ., పరిగెత్తాను
8:15 – గిన్నెలు కడుగుతుంటే ఆగలేదు, లంగా తడిసింది
9:00 – 80 మి.లీ., బజారుకి వెళ్లాలని ముందే వెళ్లొచ్చాను

ఈ ఐదు వరసలు చూస్తే డాక్టరుకి సగం విషయం అర్థమవుతుంది. పెద్దవాళ్ల మూత్రాశయంలో మామూలుగా 400 నుంచి 500 మి.లీ. దాకా పడుతుంది. పగటిపూట మూడు నాలుగు గంటలకోసారి వెళ్లడం మామూలే. ప్రతిసారీ 80, 100 మాత్రమే వస్తూ పరిగెత్తాల్సి వస్తుంటే మూత్రాశయం నిండకముందే తొందరపెడుతోందన్నమాట. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు మాత్రమే పడుతుంటే కింద పట్టి ఉంచే కండరాలు వదులైనట్టు. ప్రతిసారీ నిండుగా వస్తూ రోజు మొత్తం మూడు లీటర్లు దాటుతుంటే షుగర్ చూపించుకోవాలి. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే అది మూత్రంలోకి దిగి నీళ్లను కూడా వెంట లాక్కుపోతుంది. రాత్రిపూటే ఎక్కువగా పోస్తున్నారా? సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయేమో చూసుకోండి. పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి మళ్లి మూత్రంగా దిగుతుంది. అలాంటివాళ్లు మధ్యాహ్నం ఓ గంట కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే రాత్రి లేవడం కొంత తగ్గుతుంది. కాళ్లు ఎందుకు వాస్తున్నాయో కూడా డాక్టరుని అడగాలి.

మలం ఇబ్బంది అయితే ఎన్నిసార్లు, గట్టిగానా నీళ్లగానా, వస్తున్నట్టు ముందే తెలిసిందా, తెలియకుండానే అయిందా అని రాస్తే చాలు. ఆ చివరి తేడా చాలా ముఖ్యం, మర్చిపోకండి.

3. డాక్టరు ముందు కూర్చోగానే మొదటి వాక్యం

చాలామంది చేసే పొరపాటేమిటో తెలుసా? బీపీ, మోకాళ్లు, గ్యాస్, నిద్ర అన్నీ చెప్పి, చీటీ రాయించుకుని, లేచి తలుపు దాకా వెళ్లి "అన్నట్టు డాక్టరుగారూ, కొంచెం యూరిన్ కూడా..." అంటారు. అప్పటికి లోపలికి ఇంకో పేషెంటు వచ్చేస్తాడు. కూర్చోగానే అసలు మాట చెప్పండి:

"డాక్టరుగారూ, నాకు మూత్రం ఆగడం లేదు. ఆర్నెల్ల నుంచి. మూడు రోజులు రాసుకొచ్చాను, చూడండి."

"మోషన్ తెలియకుండానే వచ్చేస్తోంది. వారానికి రెండు మూడు సార్లు. దీని కోసమే వచ్చాను."

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీకు అలవాటైన డాక్టరు, లేదా ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు. మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష అక్కడే అవుతాయి. ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందు వాడగానే కొంతమందికి భయం తీరుతుంది. తగ్గకపోతే మగవాళ్లు యూరాలజిస్టు దగ్గరికి, ఆడవాళ్లు గైనకాలజిస్టు లేదా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. మలం ఇబ్బందికి గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, అవసరమైతే సర్జన్ చూస్తారు. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. మగ డాక్టరుకి చెప్పలేననుకుంటే ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే లేడీ డాక్టరు కావాలని అడగండి. పరీక్ష చేసేటప్పుడు నర్సు గానీ మీ మనిషి గానీ పక్కన ఉండాలని అడిగే హక్కు మీకుంది.

వెళ్లేటప్పుడు మీరు వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. ఇది చిన్న విషయం కాదు. బీపీకో గుండెకో ఇచ్చే నీటి మాత్రలు, షుగర్‌ని మూత్రంలోకి పంపేసే కొత్త రకం మాత్రలు, నిద్రమాత్రలు ఈ ఇబ్బందిని పెంచొచ్చు. ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు మెడికల్ షాపులో కొనుక్కున్న జలుబు మాత్ర వల్ల కూడా మూత్రం బిగుసుకుపోవచ్చు. ఏదీ మీ అంతట మీరు ఆపేయకండి. "ఇది ఉదయం పూట వేసుకోవచ్చా? దీనికి బదులు ఇంకోటి ఉందా?" అని అడగండి.

ఆడవాళ్లు ఇంకో మూడు విషయాలు చెప్పాలి. కాన్పులో కుట్లు పడ్డాయా, పనిముట్లు పెట్టి బిడ్డను తీశారా? కింద ఏదో జారుతున్నట్టు ఉందా? గర్భసంచి తీయించుకున్నారా? గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఆ ఆపరేషన్ అయిన ప్రతివారికీ ఈ ఇబ్బంది రాదు. కానీ ఎప్పుడు, ఎందుకు అయిందో డాక్టరుకి తెలియాలి. కాన్పు తర్వాత గానీ ఈ ఆపరేషన్ తర్వాత గానీ రాత్రీ పగలూ తేడా లేకుండా కారుతూనే ఉంటే మూత్రాశయానికి రంధ్రం పడి ఉండొచ్చు. దాన్ని ఆపరేషన్‌తో మూస్తారు. ఏ ఆడమనిషీ దాన్ని తలరాత అనుకుని భరించకూడదు.

మరి డాక్టరే "వయసమ్మా, ఏం చేస్తాం" అన్నారనుకోండి? నొచ్చుకుని లేచి రాకండి. "పోసిన తర్వాత లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడొచ్చాండీ? ఎక్సర్‌సైజులు నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి రాసిస్తారా?" అని అడగండి. అప్పటికీ పట్టించుకోకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. వయసుతో ఈ ఇబ్బంది పెరగొచ్చు గానీ వయసే కారణమని పరీక్ష చేయకుండా తేల్చకూడదు.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాళ్లు పట్టు తప్పడం, ఉన్నట్టుండి మూత్రమో మలమో అదుపు తప్పడం జరిగితే గంటల్లో పెద్దాస్పత్రికి చేరాలి. వెన్నెముక కింది భాగంలో నరాలు నలిగిపోతున్నాయేమో చూడాలి. పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో మెలికలు తిరుగుతున్నా చుక్క రాకపోతే అదీ అంతే. ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. మూత్రంలో, మలంలో రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా వచ్చే వారం చూద్దాంలే అనుకోకండి.

4. ఖర్చు లేని వ్యాయామం, చాలామంది తప్పుగా చేసేది

1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు కాన్పుల తర్వాత వదులైన కండరాలకు ఒక వ్యాయామం గురించి రాశారు. ఈరోజుకీ దగ్గితే పడే ఇబ్బందికి డాక్టర్లు మొదట చెప్పేది అదే.

నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా బిగపడతారు కదా, ఆ కండరమే. దాన్ని బిగించి లోపలికి, పైకి లాగండి. ఐదు అంకెలు లెక్కపెట్టి పూర్తిగా వదిలేయండి. అంతే సేపు విశ్రాంతి. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు పూటలు. మొదట పడుకుని చేయండి, అలవాటయ్యాక కూర్చుని, నిలబడి. కనీసం మూడు నెలలు. మగవాళ్లకు, ముఖ్యంగా ప్రొస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లకు కూడా ఇదే వ్యాయామం.

ఎక్కడ తప్పు చేస్తారు? ఊపిరి బిగబట్టి పొట్టను కిందికి తోస్తారు, దాంతో మేలు బదులు కీడు జరుగుతుంది. తొడలూ పిరుదులూ బిగించి అదే చేశామనుకుంటారు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడమే వ్యాయామమనుకుని రోజూ చేస్తారు, దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవదు. రెండు వారాలు చేసి గుణం లేదని మానేస్తారు. సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియకపోతే ఒక్కసారి ఫిజియోథెరపిస్టుకి చూపించండి. మూడు నెలల శ్రమ వృథా కాకుండా ఉంటుంది.

ఒక చిట్కా ఈరోజే వాడొచ్చు: తుమ్ము వస్తోందని తెలియగానే, బిందె ఎత్తబోయే ముందు, ఆ కండరాన్ని బిగించి తర్వాత తుమ్మండి, తర్వాత ఎత్తండి.

5. తొందర వచ్చినప్పుడు పరిగెత్తకండి

తాళం తీస్తుంటే, కుళాయి చప్పుడు వింటుంటే ఒక్కసారిగా తన్నుకొస్తుందా? పరిగెడితే ఇంకా ఎక్కువవుతుంది, పైగా తడి నేల మీద జారిపడే ప్రమాదం. ఉన్నచోటే నిలబడండి, వీలైతే కూర్చోండి. ఆ కండరాన్ని ఐదారు సార్లు గబగబా బిగించి వదలండి. మనసులో వందనుంచి వెనక్కి లెక్కపెట్టండి. తొందర పెరిగి, కాస్త ఆగి, తగ్గుతుంది. తగ్గాక నడిచి వెళ్లండి. గంటకోసారి వెళ్లేవాళ్లు మొదటి వారం గంటంపావు ఆగి చూడండి, తర్వాత గంటన్నర. ఆరు వారాలైనా పడుతుంది.

నీళ్లు మానేయడం మాత్రం వద్దు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం కూడా పట్టుకుంటుంది. తగ్గించాల్సింది టీ, కాఫీ, కూల్‌డ్రింకులు. పడుకునే ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించండి చాలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

6. విరేచనాలు అనుకుని మోసపోకండి

మంచం మీదున్న తాతగారికి వారం నుంచి కొంచెం కొంచెంగా నీళ్లలా పోతోంది. బట్ట ఎప్పుడు చూసినా మరకే. విరేచనాలని షాపులో ఆగే మాత్ర తెచ్చి వేశారు. ఇంకా ఎక్కువైంది. ఏం జరిగింది? లోపల మలం రాయిలా గట్టిపడి దారి మూసేసింది. పైనున్న నీళ్ల మలం దాని పక్కలనుంచి కారుతోంది. ఆగే మాత్ర ఆ గడ్డను ఇంకా బిగించింది. పెద్దవాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. అంతకుముందు నాలుగైదు రోజులు సరిగ్గా వెళ్లలేదా, పొట్ట ఉబ్బిందా అని గుర్తుచేసుకుని డాక్టరుకి చెప్పండి. వేలితో పరీక్ష చేసి నిమిషంలో తేలుస్తారు.

మలం అదుపుకి రోజూ ఒకే వేళ అలవాటు చేయడం బాగా పనిచేస్తుంది. టిఫిన్ తిన్న అరగంటలోపు పేగులు సహజంగానే కదులుతాయి. అప్పుడు కూర్చోబెట్టండి. కమోడ్ మీద కూర్చుంటే పాదాల కింద చిన్న పీట వేయండి, మోకాళ్లు నడుం కన్నా ఎత్తుకొస్తే మలం సులువుగా దిగుతుంది. ఇసబ్‌గోల్ వేసుకుంటే నీళ్లు బాగా తాగాలి. లేకపోతే అదే గడ్డకడుతుంది.

7. ప్యాడ్లు కొనుక్కోవడం ఓటమి కాదు

వైద్యం జరుగుతుండగానే పెళ్లికి వెళ్లాలి కదా! నెలసరి ప్యాడ్లు మూత్రాన్ని సరిగ్గా పీల్చవు. మూత్రం కోసమే చేసిన ప్యాడ్లు వేరే దొరుకుతాయి. నడవగలిగేవాళ్లకు లోదుస్తుల్లా వేసుకునే ప్యాంట్ రకం, మంచం మీదున్నవాళ్లకు పక్కల అంటించే రకం బాగుంటాయి. పరుపు మీద పరిచే షీట్లు వేరే ఉంటాయి. మగవాళ్లకు కండోమ్‌లా తొడిగి గొట్టంతో సంచిలోకి వెళ్లేవి దొరుకుతాయి. రాత్రి మంచం పక్కన యూరిన్ పాట్, కమోడ్ కుర్చీ ఉంటే చీకట్లో పడిపోయే ప్రమాదం తప్పుతుంది.

తడిసినదాన్ని వెంటనే మార్చండి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది తుడిచి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయండి. పౌడర్ చల్లితే తడికి ముద్ద కట్టి చర్మం ఒరుసుకుపోతుంది.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు, మూత్రం పూర్తిగా ఖాళీ కానివాళ్లకు రోజుకు కొన్నిసార్లు తామే సన్న గొట్టం పెట్టుకుని తీసుకునే పద్ధతి ఉంది. 1972లో లాపిడెస్ అనే యూరాలజిస్టు ఇది శుభ్రమైన చేతులతో ఇంట్లోనే చేసుకోవచ్చని చూపించారు. వినగానే భయమేస్తుంది. నర్సు దగ్గరుండి నేర్పిస్తే చాలామంది చేసుకోగలుగుతారు. నేర్పమని మీరే అడగాలి.

8. డబ్బు, ఫోన్ నంబర్లు, మనసు

తెల్లకార్డు ఉన్నవాళ్లు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రొస్టేట్ లాంటి ఆపరేషన్లు చేయించుకోవచ్చు. మీకు చెప్పిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆస్పత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గరున్నవారిని అడిగాకే డబ్బు కట్టండి. కదల్లేనివాళ్లు ఇ-సంజీవని ద్వారా ఇంటి నుంచే ఉచితంగా డాక్టరుతో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల సాయం కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది. మనసు బాగా కుంగిపోతుంటే 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మనసు అంటే గుర్తొచ్చింది. అంటు అవుతుందని దేవుడి గదిలోకి వెళ్లడం మానేసిన అమ్మమ్మలు ఎంతమందో! దీపం పెట్టడం వాళ్లకు రోజంతటికీ బలం. దాన్ని వాళ్లకు వాళ్లే దూరం చేసుకుంటున్నారు. శుభ్రంగా మార్చుకుని, ప్యాడ్ పెట్టుకుని, దీపం పెట్టండి అమ్మమ్మా. జబ్బుకి అంటు ఏమిటి?

9. చూసుకునేవాళ్లకు

మీరు అమ్మకో మామగారికో రోజూ బట్టలు మారుస్తున్నారా? విసుగు రావడం తప్పు కాదు. వాళ్ల ముందు ముక్కు మూసుకోకుండా, ఇంటికొచ్చినవాళ్ల ముందు ఆ మాట ఎత్తకుండా ఉంటే చాలు, వాళ్ల గౌరవం నిలుస్తుంది. రెండు మూడు గంటలకోసారి, వాళ్లు అడక్కముందే "ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొద్దామా?" అనండి. చీర కుచ్చిళ్లు, పైజామా బొందు విప్పేలోపే అయిపోతుంటే నైటీ, ఎలాస్టిక్ ప్యాంటు వేయండి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించండి, రాత్రంతా దారిలో చిన్న లైటు వెలగనివ్వండి.

అంతా మీరొక్కరే మోయకండి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న తమ్ముడు "నేనేం చేయగలనక్కా?" అంటాడు. "ఏం వద్దులేరా" అనకండి. "నెలనెలా డయపర్లు నువ్వు ఆన్‌లైన్‌లో పంపు. ఫిజియోథెరపిస్టు ఫీజు నువ్వు కట్టు. ఆదివారం సాయంత్రం అమ్మతో గంటసేపు వీడియోలో మాట్లాడు, ఆ గంట నేను బయటికెళ్లొస్తా" అని చెప్పండి. చెల్లెలు పక్క ఊళ్లోనే ఉంటే నెలకు రెండు రోజులు వచ్చి ఉండమనండి. ఏ తేదీల్లో వస్తుందో ఫోన్ పెట్టేసేలోపే ఖాయం చేసుకోండి.